గాలం కబుర్లు: మెత్తటి ఎరలు ఇంట్లోనే పోసుకోవాలంటే

వానపాములా, చిన్న చేపలా, కప్పపిల్లలా అచ్చు పోసి గాలానికి గుచ్చే రబ్బరులాంటి ఎరల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. పోసి చూసి చెడగొట్టుకున్నవాళ్లు రాసినవే ఎక్కువ. ప్రశ్నలు రకరకాలుగా ఉన్నా చిక్కులన్నీ దాదాపు రెండింటి దగ్గరికే చేరుతున్నాయి: వేడి సరిగా పట్టకపోవడం, ఎక్కడో ఒకచోట తడి మిగిలిపోవడం. ఇక్కడ ఇచ్చిన వేడి అంకెలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి.

ప్రశ్న: ఈ ఎరలు ఏ ప్లాస్టిక్‌తో చేస్తారు? ఇంట్లో పడి ఉన్న సంచులు, సీసాలు, పైపు ముక్కలు కరిగించి పోస్తే రాదా?

జవాబు: రాదు. ప్రయత్నం కూడా చేయకండి. సంచుల్లో ఉండేది పాలిథిన్. కరిగించి పోస్తే చల్లారాక గట్టి ముక్క అవుతుంది, నీళ్లలో తోక ఊపదు. నీళ్ల సీసాల ప్లాస్టిక్ కరగాలంటే 250 డిగ్రీల దాకా వేడి కావాలి. పైపుదీ, ఎరలదీ పీవీసీ అనే ప్లాస్టిక్కే గాని పైపులో మెత్తబరిచే నూనె ఉండదు. పొయ్యి మీద పెడితే సరిగా కరిగేలోపే మాడి, ముక్కు మండించే ఆమ్లపు పొగ వదులుతుంది.

ఎరలకు వాడేది ప్లాస్టిసాల్. సన్నటి పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపి ఉంచుతారు. చూడటానికి చిక్కటి పాలలా ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు పొడి దారి పొడిది, నూనె దారి నూనెది. వేడెక్కేకొద్దీ ఒక్కో రేణువూ నూనె పీల్చుకుని ఉబ్బుతుంది. 170 నుంచి 177 డిగ్రీల మధ్య రేణువులన్నీ కలిసిపోయి ద్రవం తేటపడుతుంది. చల్లారితే రబ్బరులా సాగుతుంది. పీవీసీని ఇలా నూనెతో మెత్తబరచవచ్చని 1926లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో వాల్డో సీమన్ కనిపెట్టారు. అదే ఊళ్లో 1949లో నిక్ క్రీమ్, కాస్మా క్రీమ్ దంపతులు ఇంటి పొయ్యి మీద వినైల్, అంటే ఈ పీవీసీ రకం ప్లాస్టిక్, కరిగించి వానపాము ఎర పోశారు.

ప్లాస్టిసాల్ చాలా పనులకు తయారవుతుంది. బట్టల మీద అచ్చు వేసే సిరాలో ఉండేది వేరు, పనిముట్ల పిడులకు పూత పూసేది వేరు. ఎరల కోసమని అమ్మే రకమే కొనండి. మెత్తన, మధ్యరకం, గట్టి అని మూడు రకాలు దొరుకుతాయి. మొదటిసారి మధ్యరకం తీసుకుంటే మేలు. దాన్ని సాఫ్ట్‌నర్ కలిపి మెత్తన చేసుకోవచ్చు, హార్డెనర్ కలిపి గట్టిపరచుకోవచ్చు.

ప్రశ్న: మొదలుపెట్టడానికి ఏమేం కొనాలి? వంటగదిలో చేసుకోవచ్చా?

జవాబు: వంటగదిలో వద్దు. క్రీమ్ దంపతులు చేశారు కదా అనకండి. వేడెక్కిన ప్లాస్టిసాల్ వదిలే ఆవిరి నూనె జిడ్డులా గోడలకు, గిన్నెలకు పడుతుంది. కాస్త మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు వస్తుంది. గాలి ధారాళంగా ఆడే వసారా గాని, తలుపులన్నీ తెరిచి, గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టిన గది గాని కావాలి. ముక్కుకు కట్టే గుడ్డ, దుమ్ము మాస్కు వాయువులను ఆపవు. ఆర్గానిక్ ఆవిరికీ ఆమ్ల వాయువులకూ పనికొచ్చే ఫిల్టర్లున్న మాస్కు పెట్టుకోవాలి.

అచ్చు కన్నా ముందు థర్మామీటర్ కొనండి. ఇది మేము గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే రంగు చూసి వేడి అంచనా వేసే చెయ్యి తిరగడానికి చాలా ప్లాస్టిక్ మాడిపోతుంది. దూరం నుంచి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. కాకపోతే అది పైపొర వేడే చూపిస్తుంది. పైపొర త్వరగా చల్లారుతుంది కాబట్టి కలిపిన వెంటనే చూడాలి. ఆ తర్వాత వేడికి తట్టుకునే, మూతి ఉన్న గాజు కొలత పాత్రలు రెండు, ఈ పనికి మాత్రమే ఉంచిన మైక్రోవేవ్ ఒకటి, ఉక్కు గరిటె ఒకటి. ఆ మైక్రోవేవ్‌లో, ఆ పాత్రల్లో మళ్లీ తిండి వండకూడదు. చెక్క పుల్లతో కలపకండి. చెక్కలోని తేమ బుడగలుగా పైకి వస్తుంది. గ్యాసు మంట మీద అసలే వద్దు, అడుగు మాడుతుంది, నూనె ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఒంటికి పొడుగు చేతుల నూలు చొక్కా, కాళ్లకు మూసి ఉండే బూట్లు, కళ్లకు అద్దాలు, చేతులకు తోలు తొడుగులు ఉండాలి. నైలాన్ తొడుగులు వద్దు, అవే కరిగి చర్మానికి పట్టుకుంటాయి. వేడి ప్లాస్టిక్ ఒంటి మీద పడితే నూనెలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. పడితే పీకొద్దు. 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టి, ఆ తర్వాత డాక్టరుకు చూపించండి. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

ప్రశ్న: మైక్రోవేవ్‌లో ఎంతసేపు పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. ఒకసారి పిండిలా ముద్ద కడుతోంది, ఒకసారి బాగానే వస్తోంది.

జవాబు: ముద్ద కట్టడం తప్పు కాదు, దారిలో వచ్చే మజిలీ. అక్కడ ఆగిపోవడమే తప్పు.

ముందు సీసా బాగా కుదపండి. నిలవ ఉన్న సీసాలో పీవీసీ పొడి అడుగుకు దిగిపోయి గట్టిగా పేరుకుంటుంది. కుదపకుండా పైనుంచి వంచితే మొదటి విడతలో నూనె ఎక్కువై ఎరలు జిడ్డుగా, బంకగా వస్తాయి. అడుగున మిగిలింది పోస్తే గట్టిగా వస్తాయి. అడుగున ఉన్నది కదలకపోతే పొడి గరిటెతో గీరి కలపండి. కుదిపాక బుడగలు పోవడానికి కాసేపు కదపకుండా ఉంచండి.

500 మి.లీ. పాత్రలో 240 మి.లీ. పోయండి. 1000 వాట్ల మైక్రోవేవ్‌లో మొదట రెండు నిమిషాలు పెట్టి తీసి కలపండి. అంచుల్లో పెరుగు తరకల్లా కట్టి ఉంటుంది, నడుమ ఇంకా పాలే. మళ్లీ ఒక నిమిషం పెట్టండి. ఈసారి మొత్తం చిక్కబడి గరిటెకు బరువుగా తగులుతుంది. పాత్ర గోడలకు అంటినదంతా గీరి లోపలికి కలపాలి, లేకపోతే ఆ పొర మాడి పసుపు గీతలుగా తేలుతుంది. ఇక్కణ్నుంచి 20, 30 సెకన్ల చొప్పున పెడుతూ, ప్రతిసారీ తీసి కలుపుతూ పోవాలి. తెల్లదనం విరిగి గంజి రంగుకు వస్తుంది, ఆ తర్వాత అడుగున ఉన్న గరిటె అంచు మసకమసకగా కనిపిస్తుంది. 170 దాటగానే ఒక్కసారిగా పలచబడి, గరిటె ఎత్తితే ఆముదంలా తెగకుండా ధార కడుతుంది. అప్పుడు తయారైనట్టు. మీ మైక్రోవేవ్ శక్తి వేరైతే నిమిషాలు మారతాయి, డిగ్రీలు మారవు.

150 డిగ్రీల దగ్గరే ఆపి పోస్తే ఎర చూడటానికి బాగానే ఉంటుంది. లాగి చూస్తే సాగకుండా పుటుక్కున తెగుతుంది, లోపల పాలపొగలా మసక కనిపిస్తుంది. రేణువులు పూర్తిగా కలవలేదని దానికి గుర్తు. అలాంటివి పారేయనక్కర్లేదు, ముక్కలు చేసి మళ్లీ సరిగ్గా వేడి చేస్తే బాగుపడతాయి.

ప్రశ్న: తేటగా రావలసిన ఎర పసుపుగా వస్తోంది. ఘాటు వాసన కూడా వస్తోంది.

జవాబు: మాడింది. 190 డిగ్రీలు దాటితే పీవీసీ విరగడం మొదలవుతుంది. మొదట లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఆపైన గోధుమ. ఘాటు వాసన వచ్చిందంటే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తున్నట్టే. వేడి ఆపండి, గదిలోంచి బయటికి రండి, పొగ పోయాకే లోపలికి వెళ్లండి. మాడే ప్లాస్టిక్ మీద నీళ్లు పోయకండి, ఉడుకు నూనెలో నీళ్లు పడ్డట్టే ఎగజిమ్ముతుంది.

మాడిన రంగు వెనక్కి రాదు. లేత పసుపు దగ్గరే ఆగితే ఆ విడతను నలుపు, ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ ఎరలకు వాడుకోవచ్చు. ఇకముందు రాకుండా హీట్ స్టెబిలైజర్ (వేడికి ప్లాస్టిక్ మాడకుండా కాపాడే మందు) సీసా మీద చెప్పిన మోతాదులో, వేడి చేయకముందే కలపండి. ఒకే పాత్రలోని ప్లాస్టిక్‌ను పదే పదే వేడి చేస్తే స్టెబిలైజర్ ఖర్చయిపోతుంది. అందుకని మీ అచ్చులకు ఎంత పడుతుందో అంతే కాచుకోండి.

ప్రశ్న: పోస్తుంటే చిటపటమంటోంది. ఎరల నిండా సూది మొనలంత బుడగలు.

జవాబు: చిటపట అంటే తడి. నీటి చుక్క 170 డిగ్రీల ప్లాస్టిక్ కింద చిక్కితే క్షణంలో ఆవిరై ప్లాస్టిక్‌ను పైకి చిమ్ముతుంది. ఇది ఎర చెడిపోవడంతో ఆగే విషయం కాదు, ముఖం మీదికి రావచ్చు. కడిగిన పాత్ర, చెమట చెయ్యి తగిలిన అచ్చు, ఆరని ప్లాస్టర్, తేమ పట్టిన ఉప్పు... ఒక్కొక్కటీ చూడండి. పని మొదలుపెట్టే ముందు పాత్రను, అచ్చును కాస్త వెచ్చబెట్టి పొడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి.

చిటపట లేకుండా బుడగలు మాత్రమే వస్తుంటే అది గాలి. మీరు గిలకొడుతున్నారు. గరిటె పైకెత్తకుండా అడుగున మెల్లగా తిప్పండి. తయారయ్యాక ఒక నిమిషం కదపకుండా ఉంచితే బుడగలు పైకి చేరతాయి, పైపొరను గరిటెతో పక్కకు లాగి పోయండి. ధార సన్నగా, అచ్చుకు దగ్గరగా ఉండాలి.

ప్రశ్న: అల్యూమినియం అచ్చు కొనే స్తోమత లేదు. ప్లాస్టర్‌తో చేసుకోవచ్చా? ఎన్నాళ్లు ఆరబెట్టాలి?

జవాబు: చేసుకోవచ్చు. ఒక వైపు చదునుగా ఉండే ఎరలకు, అంటే పైనుంచి తెరిచి పోసే అచ్చుకు, ప్లాస్టర్ చక్కగా సరిపోతుంది.

అచ్చు తీయదలచుకున్న ఎరనో, మైనంతో మీరు చెక్కిన బొమ్మనో చదును వైపు కిందికి వచ్చేలా గాజు పలక మీద అతికించండి. చుట్టూ రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి అట్ట గోడ కట్టండి. బొమ్మ మీద, గాజు మీద వాజెలిన్ పలచగా రాయండి. ఎక్కువైతే కుంచె గీతలు కూడా అచ్చులో దిగుతాయి. ఒక పాలు నీళ్లకు రెండు పాళ్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్, గిన్నెతో కొలిచి. నీళ్లలో ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్ మీద నీళ్లు పోయకూడదు. చల్లినది ఒకటి రెండు నిమిషాలు నానాక మెల్లగా కలపండి. బొమ్మ మీద మొదట కుంచెతో ఒక పూత వేసి, ఆ తర్వాత ఓ మూల నుంచి పోసి, పలకను వేళ్లతో తడుతూ ఉండండి. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వెచ్చబడుతుంది, ఆ వెచ్చదనం పూర్తిగా తగ్గాక విప్పండి.

ఎన్నాళ్లు ఆరాలి అన్నది రోజులతో చెప్పేది కాదు, తూకంతో చెప్పేది. రోజూ అచ్చును తూచి రాసుకోండి. వరసగా రెండు రోజులు తూకం మారలేదంటే నీరు పోయినట్టు. మామూలుగా వారం పైనే పడుతుంది. తొందరైతే గోరువెచ్చని ఓవెన్‌లో పెట్టండి గాని 60 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే ప్లాస్టర్ గట్టిదనం పోయి పొడి రాలుతుంది.

ఆరినా పని అయిపోలేదు. ఒట్టి ప్లాస్టర్ ప్లాస్టిక్‌ను పట్టేసుకుంటుంది, ఎర మెరుపు లేకుండా సుద్దముక్కలా వస్తుంది. తెల్ల జిగురులో సమానంగా నీళ్లు కలిపి మూడు పలచటి పూతలు వేయండి, ప్రతి పూతా పూర్తిగా ఆరాకే తర్వాతిది. ఈ నీళ్లు కూడా ఆరాలి, కాబట్టి చివరి పూత తర్వాత ఇంకో రెండు మూడు రోజులు ఆగండి. వేడికి తట్టుకునే పలచటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) వేస్తే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. పోసే ముందు ప్రతిసారీ నూనె తడి చూపించండి. మొదటి పోత కొంచెమే పోసి, ముఖం దూరంగా ఉంచి చూడండి. బుసబుసమంటే అచ్చు ఇంకా ఆరలేదు.

సిలికాన్‌తో అచ్చు తీస్తే సున్నితమైన గీతలు బాగా దిగుతాయి. బొమ్మను నిలబెట్టడానికి గంధకం ఉన్న మట్టి మాత్రం వాడకండి. అది తగిలిన చోట ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడదు, బంకగానే ఉండిపోతుంది.

ప్రశ్న: తోక చివర నిండటం లేదు. నిండిన వాటికేమో పొట్ట మీద గుంట పడుతోంది.

జవాబు: రెండూ చల్లదనం వల్లనే, కానీ ఒకటి ముందు జరిగేది, ఒకటి తర్వాత జరిగేది.

తోక పలచన కాబట్టి చల్లటి అచ్చు తగలగానే అక్కడి ప్లాస్టిక్ పేరుకుపోయి దారి మూసుకుంటుంది. అచ్చును 45, 50 డిగ్రీలకు వెచ్చబెట్టండి. తెరిచిన అచ్చులో అయితే తోక చివరి నుంచే పోత మొదలుపెట్టి ఒంటి వైపుకు రండి. చాలామంది తల నుంచి పోస్తారు, తోకకు చేరేసరికి ధార చల్లారిపోతుంది. ఇంజెక్టర్‌తో, అంటే పెద్ద సిరంజిలాంటి దానితో, ఎక్కించే రెండు పలకల అచ్చులో అయితే తోక కొసన చిక్కిన గాలికి దారి లేక ఆగుతుంది. కొస నుంచి పలక అంచు దాకా వెంట్రుక మందాన ఒక గీత గీస్తే గాలి పోతుంది. ఇంజెక్టర్‌ను కూడా ఒకసారి వేడి ప్లాస్టిక్ నింపి వదిలి వెచ్చబెట్టాకే వాడండి.

పొట్ట మీద గుంట చల్లారేటప్పుడు కుంచించుకోవడం వల్ల వస్తుంది. బయటి పొర ముందు గట్టిపడుతుంది, లోపల ఇంకా ద్రవమే. లోపలిది చల్లారి తగ్గేకొద్దీ పైపొరను లోపలికి లాగుతుంది. ఇంజెక్టర్ అయితే నిండగానే తీసేయకుండా 10, 15 సెకన్లు ఒత్తిడి అలాగే పట్టి ఉంచండి. తెరిచిన అచ్చు అయితే కొద్దిగా ఉబ్బుగా పోసి, కుంగాక వెంటనే వేడి ప్లాస్టిక్ చుక్క అదనంగా వేయండి. అల్యూమినియం నుంచి మూడు నాలుగు నిమిషాల్లో తీయవచ్చు. ప్లాస్టర్, సిలికాన్ వేడిని మెల్లగా వదులుతాయి, వాటిలో ఇంకా ఆగాలి.

ప్రశ్న: నా ఎరలు నీటిలో దిగడం లేదు. ఉప్పు ఎంత కలపాలి?

జవాబు: ఉప్పు లేని ఎర బరువు దాదాపు నీటి బరువంతే ఉంటుంది. ఉప్పు సాంద్రత నీటికి రెండింతల పైన, అందుకే దిగుతుంది. 240 మి.లీ.కి రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 35 గ్రాములతో మొదలుపెట్టండి. గుచ్చబోయే గాలం గుచ్చి బకెట్ నీళ్లలో వేసి చూడండి. చాలకపోతే ఇంకో చెంచా. తల, తోక సమానంగా అడ్డంగా దిగుతూ అటూ ఇటూ వణకాలి. కడ్డీలాంటి ఎరకు ప్రాణం ఆ వణుకే. బరువు తలలోనో తోకలోనో పేరుకుంటే మొన తిరిగి రాయిలా పడుతుంది.

రాళ్ల ఉప్పు, మామూలు గుండ ఉప్పు సరిపోవు. గరుకు పలుకులు అడుగుకు దిగి ఎరను అక్కడే చీలుస్తాయి. ముగ్గు పిండిలా మెత్తగా పొడి చేయండి. పొడి చేశాక 120 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచి తేమ తీసేయండి. ప్లాస్టిక్ తేటపడ్డాకే ఉప్పు వేయాలి, ప్రతి అచ్చుకూ ముందు ఒకసారి అడుగు నుంచి కలపాలి. కలపడం మానేస్తే మొదటి ఎర తేలుతుంది, చివరిది మునుగుతుంది. ఉప్పు పెరిగేకొద్దీ ఎర చిరిగే గుణం పెరుగుతుంది, తేటదనం పోతుంది. బరువు కోసం ఎంత దాకా పోవాలో మీరే తేల్చుకోవాలి. మేమైతే ఉప్పు తగ్గించి గాలం బరువు పెంచడాన్నే ఇష్టపడతాం.

ప్రశ్న: తిండికి వాడే రంగు, గ్రీటింగు కార్డుల మీద చల్లే మెరుపు పొడి వాడవచ్చా?

జవాబు: తిండి రంగు వద్దు. అది నీళ్లలో కలిపిన రంగు. వేడి ప్లాస్టిక్‌లో వేస్తే ఏమవుతుందో పైన చెప్పాం. ప్లాస్టిసాల్ కోసం నూనెలో కలిపి చేసిన రంగులే వాడాలి. 240 మి.లీ.కి ఐదారు చుక్కలు వేస్తే వెలుతురు దూరే రంగు వస్తుంది, 15 నుంచి 20 వేస్తే నిండు రంగు. పాత్రలో కనిపించే రంగును నమ్మకండి, లోతు ఎక్కువ కాబట్టి ముదురుగా ఉంటుంది. ఒక చుక్క తెల్ల పింగాణీ పలక మీద వేసి, ఎర మందమంత పరిచి, చల్లారాక చూడండి.

కార్డుల మెరుపు పొడి వేడికి రంగు వదిలేసి వెండి ముక్కలై మిగులుతుంది, కొన్ని ముడుచుకుపోతాయి. వేడికి తట్టుకునే పాలిస్టర్ గ్లిట్టర్ పావు చెంచాతో మొదలుపెట్టండి. ఇది కూడా అడుగుకు దిగేదే. వాసన నూనె వేయాలనుకుంటే పోసే ముందు ఆఖరున వేయండి, లేదా చల్లారిన ఎరలను సంచిలో వేసి పైన రాయండి. రెండోదే మేలు, వేడికి వాసన చాలామటుకు ఎగిరిపోతుంది.

ప్రశ్న: వీపు నలుపు, పొట్ట తెలుపుగా పోస్తే రెండూ విడిపోతున్నాయి.

జవాబు: రెండోది పోసేసరికి మొదటిది చల్లారి నూనె తేలి ఉంటుంది. మొదటి రంగు పైపొర పేరుకోగానే, వేలికి ఇంకా వేడి తగులుతుండగానే, రెండోది 170 డిగ్రీల మీద పోయండి. రెండు పాత్రలూ ఒకేసారి తయారుగా ఉంచుకోవాలి. అచ్చులో ముందుగా రాసిన నూనె మధ్యలోకి కారినా అతుకు పట్టదు.

ప్రశ్న: డబ్బాలో దాచిన ఎరలు డబ్బాతో సహా కరిగిపోయాయి! ఎండ కూడా తగలలేదు.

జవాబు: ఎండ కాదు, ప్లాస్టిసైజర్. అది ఎరలోంచి మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. పాలిస్టైరీన్‌తో చేసిన గాజులాంటి తేట డబ్బాలను, కొన్ని గట్టి ఎరల మీది రంగును అది కరిగిస్తుంది. పాలిప్రొపిలీన్ డబ్బాలు, పాలిథిన్ సంచులు వాడండి. రంగురంగుల ఎరలను కలిపి పెట్టకండి, ఎరుపు తెలుపులోకి దిగుతుంది. బాగా సాగే టీపీఈ (పీవీసీ కాని వేరే రబ్బరులాంటి ప్లాస్టిక్) రకం ఎరలు కొని ఉంటే వాటిని వీటికి తగలనివ్వకండి. రెండూ కలిసి జిగురు ముద్ద అవుతాయి. వాటిని పాత ఎరలతో కలిపి కరిగించినా ఆ విడత పాడవుతుంది.

ప్రశ్న: తీసేటప్పుడు వంకర పోయిన ఎరలు సరిచేయవచ్చా?

జవాబు: కాచి దింపిన నీళ్లలో అరనిమిషం ముంచండి, మెత్తబడగానే తల పట్టి వేలాడదీయండి, నిటారుగా ఉండగానే చల్లటి నీళ్లలో దించండి. అసలు వంకర పోకుండా ఉండాలంటే అచ్చు నుంచి తీసినవాటిని చదునైన పళ్లెంలో, ఒకదాని మీద ఒకటి పడకుండా ఒక రోజు ఉంచండి.

ప్రశ్న: ప్లాస్టిక్ పొగంటే భయం. పైగా తెగిపోయిన ఎరలు నీళ్లలోనే ఉండిపోతాయి కదా. ఇంకో మార్గం లేదా?

జవాబు: ఉంది, జెలటిన్. 20 గ్రాముల జెలటిన్ పొడిని 40 మి.లీ. చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. 40 మి.లీ. గ్లిసరిన్ కలిపి, వేడినీళ్ల గిన్నెలో నిలిపి 60 డిగ్రీల దగ్గర కరిగించండి. మరిగిస్తే జెలటిన్ బలం పోతుంది. నూనె రాసిన అచ్చులో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇక్కడ తిండి రంగు నిక్షేపంగా వాడవచ్చు. నీటి ఆధారమే కాబట్టి చిమ్మడాలు లేవు, పొగ లేదు. లోటు కూడా చెప్పాలి: ప్లాస్టిసాల్ అంత సాగదు, బలంగా విసిరితే గాలం నుంచి ఊడుతుంది, నీళ్లు వెచ్చగా ఉంటే మెత్తబడి జారిపోతుంది. చల్లటి నీళ్లలో, దగ్గర విసుర్లకు పనికొస్తుంది. పిల్లలతో కలిసి అచ్చు పోయడం నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు, వేడి చేసే పని మాత్రం పెద్దవాళ్లు చేయాలి.

ప్లాస్టిక్ ఎరల సంగతికొస్తే మీ బాధ న్యాయమైనదే. నీళ్లలో పడ్డ ఎర కరగదు, చేప మింగితే కడుపులో ఉండిపోతుంది. తెగిన ముక్క చేతికి వచ్చిన ప్రతిసారీ సంచిలో వేసుకోండి. చిరిగిన ఎరలు కరిగించి మళ్లీ పోయవచ్చు: కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, గాలం ముక్కలేమైనా చిక్కుకున్నాయేమో వేళ్లతో తడిమి, చిన్న ముక్కలుగా కోయండి. కొత్త ప్లాస్టిసాల్ కొద్దిగా, స్టెబిలైజర్ కొద్దిగా కలిపి మెల్లగా వేడి చేయండి. పాత ఎరల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి కొత్తగా వేయకముందు ఒకటి పోసి బకెట్లో చూడండి.

ప్రశ్న: గాలం గుచ్చే చోట రెండు మూడు చేపలకే చిరిగిపోతోంది.

జవాబు: తల భాగం చిరుగుతుంటే తర్వాతి విడతలో సాఫ్ట్‌నర్ మానేయండి, అయినా చిరిగితే హార్డెనర్ కొద్దికొద్దిగా కలుపుతూ చూడండి. ఉప్పు ఎక్కువగా ఉంటే ముందు అది తగ్గించండి. చిరిగినదాన్ని అతకాలంటే పాత కత్తి అలుగును వేడి చేసి, చీలిక రెండు అంచుల మధ్య పెట్టి, రెండు వైపులా మెరుపు కనిపించగానే అలుగు లాగేసి అంచులను నొక్కి పదిహేను సెకన్లు పట్టుకోండి. అలుగు ఎర్రబడేంత వేడి వద్దు, పొగ వచ్చిందంటే ఎక్కువైనట్టే. అతికిన చోట మళ్లీ గాలం దించకుండా, ఒక గోరు వెడల్పు కిందికి గుచ్చండి.